మిరపతోటలో కూలీ ఒంట్లోకి మందు ఎంత వెళ్తోంది? లెక్క కట్టేది ఇలా

ఏన్కూరు చుట్టుపక్కల జనవరి నుంచి మార్చి దాకా మిర్చి పనే పని. తల్లాడ నుంచి జూలూరుపాడు వైపు వెళ్లే రోడ్డు పొడవునా పొద్దున్నే ఆటోలు, ట్రాలీలు కూలీలతో నిండిపోతాయి. స్థానికులు చాలకపోతే ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా ముఠాలు దిగుతాయి. ముస్లిం కుటుంబాల్లోనూ కౌలుకు చేసేవాళ్లున్నారు, రోజు కూలీకి వెళ్లే ఆడవాళ్లున్నారు, తైవాన్ పంపు భుజాన వేసుకుని ట్యాంకుకింత అని మందు కొట్టే కుర్రాళ్లున్నారు. సాయంత్రం ఇంటికొచ్చాక తల దిమ్ముగా ఉందనో, కళ్లు మండుతున్నాయనో అంటే ఇంట్లో వచ్చే జవాబు ఒకటే: "ఎండ దెబ్బ బేటా, నీళ్లు తాగి పడుకో."

అది ఎండ దెబ్బే కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఆ రోజు ఒంట్లోకి మందు ఎంత వెళ్లిందో తేల్చేవాళ్లు చేను గట్టు మీద ఎవరూ ఉండరు. ప్రతి కూలీకీ రక్తపరీక్ష చేయడం, ప్రతి చొక్కానూ ల్యాబుకు పంపడం ఏ దేశంలోనూ జరిగే పని కాదు. అందుకే శాస్త్రవేత్తలు అంచనా లెక్కలు తయారుచేసుకున్నారు. వాటినే మోడల్స్ అంటారు. ఒక మందును అమ్మకానికి వదలాలా వద్దా, కొట్టేవాడు చేతి తొడుగులు వేసుకోవాలా, కొట్టిన ఎన్ని రోజులకు మళ్లీ చేలోకి దిగొచ్చు అనేవి చాలా దేశాల్లో ఈ లెక్కల మీదే తేలుతున్నాయి. లెక్కలో ఏమేం ఉంటాయో తెలిస్తే, మన చేలల్లో అది ఎక్కడ తప్పుతోందో కూడా తెలుస్తుంది.

ఫ్యాక్టరీలో గాలి, చేనులో చర్మం

రసాయనం మనిషి ఒంట్లోకి మూడు దారుల్లో వెళ్తుంది. ఊపిరితో, నోటితో, చర్మం గుండా. జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల విషయంలో ముందు చూసేది గాలిని. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, పనిచేసే చోట గాలిలో ఏ రసాయనం ఎంత మించకూడదో పట్టిక పెట్టారు. గాలిని మీటర్లతో కొలవొచ్చు. కొలవని చోట యూరప్‌లో ఈసీటాక్ టీఆర్‌ఏ, స్టాఫెన్‌మేనేజర్, ఏఆర్‌టీ లాంటి మోడల్స్ వాడతారు. రసాయనం ఎంత త్వరగా ఆవిరవుతుంది, పని ఎలా చేస్తారు, గదిలో గాలి ఆడుతుందా, ఎన్ని గంటలు అని అడిగి ఒక అంకె చెబుతాయి.

చేనులో కథ వేరు. ఇక్కడ ప్రధాన దారి చర్మం. ఈ సంగతి కొత్తదేం కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పండ్లతోటల కూలీల మీద పనిచేసిన డర్హమ్, వుల్ఫ్ అనే ఇద్దరు పరిశోధకులు 1962లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో కొలిచే పద్ధతి రాశారు. కూలీల బట్టల మీద, మెడ దగ్గర, ముంజేతుల మీద చిన్న చిన్న అతుకులు అంటించడం, పని అయ్యాక వాటిని విప్పి ఎంత మందు పడిందో చూడటం, చేతులు కడిగిన నీళ్లను కూడా పరీక్షించడం. ఊపిరితో లోపలికి వెళ్లే దానికంటే ఒంటి మీద పడేది ఎన్నో రెట్లు ఎక్కువని అప్పుడే అర్థమైంది. మన దగ్గర మాత్రం ఇప్పటికీ మందు కొట్టే కుర్రాడు ముక్కుకు రుమాలు కట్టుకుంటాడు, చేతులు మాత్రం ఖాళీగా ఉంచుతాడు. జాగ్రత్త పడాలని అతనికీ ఉంది, పెద్ద దారిని వదిలేసి చిన్న దారికి తలుపు వేస్తున్నాడంతే. పైగా ఆ రుమాలు పొడినో తుంపరనో కాస్త ఆపుతుందేమో గానీ, ఆవిరిని ఆపదు. తడిస్తే మందును మూతికి అతికించి ఉంచుతుంది.

తర్వాత ఇలాంటి కొలతలన్నీ ఒకచోట చేర్చడం మొదలైంది. 1992లో అమెరికా, కెనడా కలిసి ఒక సమాచార నిధి తయారుచేశాయి. యూరప్‌లో 1994 నుంచి 2009 మధ్య జరిగిన 34 అధ్యయనాల కొలతలతో ఒక కొత్త మోడల్ కట్టారు. 2014లో యూరప్ ఆహార భద్రత సంస్థ దాన్ని తన మార్గదర్శకాల్లో చేర్చుకుంది. భుజాన వేసుకునే పంపుకూ అందులో లెక్క ఉంది. ఆ రోజు ఆ మనిషి చేతుల మీదుగా వెళ్లిన అసలు మందు ఎంత అన్నదే అందులో కీలకమైన ప్రశ్న. ఎన్ని ఎకరాలు, ఎకరానికి ఎంత, కలిపింది ఎవరు, ఒంటి మీద ఏముంది. ఇవన్నీ చెప్తే ఒంటి మీద పడేది ఎన్ని మిల్లీగ్రాములో చెబుతుంది.

ఒక రోజు కూలీ లెక్క

మందు కొట్టేవాడి లెక్క కంటే మిర్చి ఏరేవాళ్ల లెక్క సులువు. పైగా మన ఆడవాళ్లకు సంబంధించింది అదే. ఇందులో నాలుగు ముక్కలే ఉంటాయి: ఆకు మీద మిగిలిన మందు, ఆకు నుంచి ఒంటికి అంటుకునే వేగం, పనిచేసిన గంటలు, చర్మం గుండా లోపలికి ఇంకే వంతు.

ఊరికే ఉదాహరణకు ఒక మందు తీసుకుందాం. ఎకరానికి 100 గ్రాముల అసలు మందు పడేలా కొట్టారు. సీసాలో నీళ్లు, నూనెలు, ఇతర ద్రవాలు కూడా ఉంటాయి, అవి కాకుండా 100 గ్రాములు. అంటే హెక్టారుకు 250 గ్రాములు. విడిగా కొలతలు లేనప్పుడు యూరప్ లెక్క ఏం చెబుతుందంటే, హెక్టారుకు కిలో కొడితే ఆకు మీద చదరపు సెంటీమీటరుకు 3 మైక్రోగ్రాములు చేతికి అంటుకునే స్థితిలో ఉంటుందని. మన 250 గ్రాములకు అది 0.75 మైక్రోగ్రాములు.

కాయగూరలు కోసే పనిలో గంటకు ఎన్ని చదరపు సెంటీమీటర్ల ఆకు మీది మందు మనిషికి అంటుతుంది? 2014 మార్గదర్శకాల్లో దీనికి మూడు అంకెలున్నాయి. బట్టల రక్షణను అసలు లెక్కలోకి తీసుకోకపోతే 5800. ఒళ్లు, చేతులు, కాళ్లు బట్టతో కప్పి అరచేతులు మాత్రం ఖాళీగా ఉంటే 2500. చేతి తొడుగులు కూడా ఉంటే 580.

ఇక గుణించడమే. 0.75ను 5800తో, 8 గంటలతో గుణిస్తే రోజుకు 34.8 మిల్లీగ్రాములు. ఒళ్లంతా కప్పుకుని ఖాళీ చేతులతో ఏరితే 15 మిల్లీగ్రాములు. తొడుగులు కూడా వేసుకుంటే 3.5 మిల్లీగ్రాముల లోపే.

ఇదంతా లోపలికి వెళ్లదు. నీటి ఆధారంగా తయారైన మందులను పలుచన చేసి కొట్టినప్పుడు, పరీక్షలు లేని పక్షంలో, సగం ఇంకుతుందని పట్టుకుంటారు. అలా చూస్తే లోపలికి వెళ్లేది వరసగా 17.4, 7.5, 1.74 మిల్లీగ్రాములు. దాన్ని మనిషి బరువుతో భాగించాలి. మోడల్‌లో మనిషి బరువు 60 కిలోలు. అంటే కిలో బరువుకు 0.29, 0.125, 0.029 మిల్లీగ్రాములు.

ప్రతి మందుకూ పనివాళ్ల కోసం ఒక హద్దు ఉంటుంది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఏ హానీ కనిపించని మోతాదును తీసుకుని, దాన్ని సాధారణంగా నూరో వంతుకు తగ్గించి ఈ హద్దు పెడతారు. మన ఉదాహరణ మందుకు హద్దు 0.05 అనుకుందాం. తొడుగులు వేసుకున్న మనిషి హద్దు లోపలే ఉంది. ఖాళీ చేతులతో ఏరిన మనిషి హద్దుకు రెండున్నర రెట్లు దాటింది. ఒంటికి కప్పు కూడా లేని మనిషి ఆరు రెట్లు దాదాపు. అదే చేను, అదే మందు, అదే రోజు. హద్దు దాటిన ప్రతివాళ్లూ ఆ సాయంత్రమే పడిపోతారని దీని అర్థం కాదు, ఆ హద్దులో కావాలనే కొంత జాగా వదులుతారు. ఆ జాగాను రోజూ తినేస్తూ పోతున్నామని అర్థం.

మన ఊళ్లో ఈ లెక్కకు ఇంకో రెండు సవరణలు చేయాలి. ఏరడానికి వెళ్లే ఆడవాళ్లందరూ 60 కిలోలుండరు. 45 కిలోల మనిషికి అదే మోతాదు మూడో వంతు ఎక్కువ పడుతుంది. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లను సెలవుల్లో అమ్మీ వెంట తీసుకెళ్తే ఇంకా ఎక్కువ. ఇక రెండోది, పై లెక్క ఒకసారి కొట్టిన మందును పట్టుకుంది. మిరపలో ఒకసారితో ఆగేదెక్కడ? 2021లో నల్ల తామర పురుగు తెలుగు జిల్లాల మిరపతోటల మీద పడ్డప్పటి నుంచి పూత చుట్టూ రైతు తిరుగుతూనే ఉన్నాడు. ఆకు మీది మందు సగం కావడానికి, కొలతలు లేని చోట, 30 రోజులు పడుతుందని మోడల్ లెక్కేస్తుంది. ఆ ప్రకారం వారానికొకసారి చొప్పున నాలుగు సార్లు కొడితే, చివరి సారి తర్వాత ఆకు మీద ఉండేది ఒక్కసారి కొట్టినదానికి మూడు రెట్ల పైచిలుకు. నిజానికి మన ఎండకు చాలా మందులు అంతకన్నా త్వరగానే విరిగిపోతాయి. మోడల్ కావాలనే భయస్తుడిలా లెక్క కడుతుంది. కానీ నిన్న సాయంత్రం కొట్టిన తోటలోకి ఈ రోజు పొద్దున్నే కూలీలను దించితే ఆ వెసులుబాటు కూడా ఉండదు.

మోడల్‌లోని మనిషి, మన మనిషి

యూరప్ మోడల్‌లో ఊహించుకున్న మనిషి శిక్షణ పొందినవాడు. లేబుల్ చదవగలడు. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు ఉంటాయి. కారుతున్న పంపు వాడడు. పని కాగానే స్నానం చేస్తాడు. "ఈ మందు సురక్షితం" అని ఎవరైనా చెప్తే, ఆ మాట ఆ మనిషికి సంబంధించింది. లుంగీ కట్టుకుని, చెప్పుల్లేకుండా, వాషరు పోయిన పంపుతో వీపు తడుస్తూ నడిచేవాడికి ఆ మాట వర్తించదు. మన కుర్రాడు మందు కొడుతూ ముందుకు నడుస్తాడు, తాను తడిపిన చెట్ల మధ్యనుంచే. నడుము కింద భాగమంతా మందుతో తడుస్తుంది. చేను ఏపుగా ఉంటే ఛాతీ దాకా.

తెలుగు నేల మీద దీనికి సాక్ష్యం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు ఊళ్లలో పత్తి పండించే 50 మంది ఆడవాళ్లు ఒక సీజన్ పొడవునా తమకూ, తమ ఇంటి మగవాళ్లు 47 మందికీ మందు కొట్టినప్పుడల్లా ఏమవుతోందో రాయించారు. ఫ్రాన్సెస్కా మాన్సినీ బృందం 2005లో ఆ ఫలితాలు ప్రచురించింది. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం సార్లు విషప్రభావం లక్షణాలు ఎంతో కొంత కనిపించాయి. 6 శాతం సార్లు నరాల మీద తీవ్రమైన ప్రభావం. అయినా ఒక్కరు కూడా ఆస్పత్రికి వెళ్లలేదు. కూలీ పోతుందని, ఖర్చవుతుందని, "ఇది మామూలే" అని. చిన్న రైతులు పెద్ద రైతుల కంటే ఎక్కువగా తీవ్ర ప్రభావానికి గురయ్యారు.

ఆ అధ్యయనంలో ఇంకో మాట మన ఇళ్లకు తగిలేది. ఆడవాళ్లు మందు కొట్టలేదు. సీసా విప్పి కలపడం, ట్యాంకు నింపడం చేశారు. పైపనిలా కనిపించే ఆ పనిలోనే మగవాళ్లతో సమానంగా మందు సోకింది. ఎందుకో చిన్న లెక్కతో తెలిసిపోతుంది. లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు కలిపే మందు సీసాలో ఉన్నప్పుడు, ట్యాంకులో ఉన్నప్పటి కంటే 500 రెట్లు చిక్కన. సీసా మూత విప్పేటప్పుడు వేలి మీద కారిన ఒక్క చుక్క, ట్యాంకులోని మందు 500 చుక్కలతో సమానం. "చాచా కొడుతున్నాడు కదా, నేను కలిపిస్తున్నానంతే" అనుకునే ఆపా చేతికే తొడుగు ముందు కావాలి.

మనకు పక్కనే, ఆదిలాబాద్ సరిహద్దు అవతల యవత్మాల్‌లో 2017లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పత్తి చేలల్లో మందు కొట్టిన కూలీలు, రైతులు వందల్లో ఆస్పత్రుల పాలయ్యారు. 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది పత్తి మనిషి ఎత్తు పెరిగింది. మందు కాళ్ల మీద కాదు, ముఖం మీద పడింది. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. ఏ మోడల్ అయినా ఒక్కో మందుకు విడివిడిగా కట్టిన లెక్క అలాంటి చోట పెద్దగా పనికిరాదు.

చట్టంలో ఉన్నది, చేనులో లేనిది

1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో మందు వాడే పనివాళ్లకు రక్షణ బట్టలు, విరుగుడు మందులు, శిక్షణ, వైద్య పరీక్షలు ఉండాలని రాసి ఉంది. రోజు కూలీకి వచ్చే మనిషికి ఇవి ఎవరివ్వాలి? కౌలు రైతే అప్పులో ఉంటాడు. అందుకే తప్పంతా కూలీ మీదో, ఆ రైతు మీదో వేయడం న్యాయం కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఆమోదించిన ప్రవర్తనా నియమావళి ఈ విషయంలో సూటిగా ఉంది. వేడి దేశాల్లో చిన్న రైతులు, కూలీలు వేసుకోలేనంత ఇబ్బందికరమైన, ఖరీదైన రక్షణ బట్టలు అవసరమయ్యే మందులను అసలు వాడకుండా చూడాలని అది చెబుతుంది. ఫిబ్రవరి చివరి ఎండలో రబ్బరు కోటు వేసుకోమనడం కంటే ఎర్ర త్రికోణం ఉన్న డబ్బా కొనకపోవడమే జరిగే పని. డబ్బా మీది త్రికోణం రంగు చదువు రానివాళ్లకు కూడా అర్థమవుతుంది: ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, చివరికి ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తక్కువ విషం, విషమే లేదని కాదు.

ఆ దారిలో పోయిన ఊరు ఒకటి మన పక్కనే ఉంది. పాల్వంచ మండలం పునుకుల. పత్తి, మిర్చి మీద మందుల ఖర్చుతో మునిగిన ఆ ఊరు, ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టల వైపు మళ్లి, 2003లో పురుగుమందులు లేని ఊరిగా ప్రకటించుకుంది. అందులో మహిళా సంఘాలది పెద్ద పాత్ర. పై లెక్కలో మొదటి అంకె సున్నా అయితే మిగతావన్నీ ఎంతున్నా జవాబు సున్నాయే. అందరికీ, ముఖ్యంగా కౌలుదారులకు, అది ఒక్క సీజన్‌లో అయ్యే పని కాదు. కొట్టే సార్లు ఎనిమిది నుంచి నాలుగుకు తగ్గినా లెక్క మారుతుంది.

ఇంట్లో చేయగలిగింది

లెక్కలో పెద్ద అంకె ఎక్కడుందో అక్కడ చెయ్యి పెట్టాలి. మిర్చి ఏరే ఆడవాళ్లు చీర మీదో సల్వార్ మీదో మగవాళ్ల నిండు చేతుల చొక్కా వేసుకోవడం మన దగ్గర ఉన్న అలవాటే. మంచి అలవాటు. దానికి చేతి తొడుగులు తోడైతే పైన చూసిన 2500 అంకె 580కి దిగుతుంది. మందు కలిపేవాళ్లకు రబ్బరు తొడుగులే కావాలి, గుడ్డవి మందును పీల్చుకుని చర్మానికి పట్టి ఉంచుతాయి. తోటలోకి దిగేముందు మేస్త్రీని "ఎప్పుడు కొట్టారు, ఏం మందు?" అని అడగడం కూలీ హక్కు. ముఠా మొత్తం అడిగితే ఎవరికీ ముఖమాటం ఉండదు.

నమాజు వేళకు చేను దగ్గరే వుజూ చేసేవాళ్లు ముందు సబ్బుతో చేతులు, ముంజేతులు కడుక్కోవాలి. ఉత్త నీళ్లకు చాలా మందులు పోవు, పైగా అవే చేతులు నోటికి, ముక్కుకు, కళ్లకు వెళ్తాయి. బీడీ, తంబాకు, అన్నం ముద్ద విషయంలోనూ అంతే. పనిబట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు. ఆ చొక్కాతోనే చిన్నపిల్లల్ని ఎత్తుకోకూడదు. ఖాళీ డబ్బా ఎంత బాగున్నా నీళ్లకు, నూనెకు వాడకూడదు.

ఈ ఏళ్లలో రంజాన్ సరిగ్గా మిర్చి ఏరే రోజుల్లోనే వస్తోంది. రోజాతో ఉన్న మనిషికి తల తిరిగితే దాహమనే అనుకుంటారు. తేడా గమనించాలి. నీళ్లు తక్కువైతే నోరు ఎండిపోతుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందు ఎక్కితే దానికి ఉల్టా: నోట్లో లాలాజలం ఊరుతుంది, చెమటలు కారతాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది, కండరాలు అదురుతాయి, వాంతులు, ఛాతీ బిగుసుకోవడం ఉంటాయి. అప్పుడు రోజా గురించి తటపటాయించక్కర్లేదు, జబ్బు మనిషికి షరియత్ ఇచ్చిన వెసులుబాటు ఉంది. తడిసిన బట్టలు వెంటనే విప్పి, ఒళ్లు సబ్బుతో బాగా కడగాలి. సాయం చేసేవాళ్లు కూడా తొడుగులు వేసుకోవాలి. బలవంతంగా వాంతి చేయించడం, పాలు పట్టడం వద్దు. 108కి ఫోన్ చేసి, మందు డబ్బా వెంట తీసుకెళ్లాలి. డబ్బా దొరక్కపోతే లేబుల్ ఫోటో అయినా చాలు, ఏ మందో తెలిస్తేనే డాక్టరు ఏ విరుగుడు ఇవ్వాలో తేల్చుకోగలుగుతారు.